అవరుద్ధ స్త్రీ - సహజీవనము: ఒక న్యాయచరిత్ర పరిశీలనము

అమీరుపేటలోను పంజగుట్టలోను గోడలపై వ్రేలాడు అద్దెబోర్డులను చదువుచు నడచువారికి 'కుటుంబములకు మాత్రమే' అను మాట తరచుగా కనబడును. శిక్షణకై, ఉద్యోగమునకై జిల్లాలనుండి వచ్చిన యువతీయువకులతో నిండిన పేటలివి. వారిలో వివాహము చేసికొనకయే యొక యింట కాపురముండు జంటలును కలవు. అట్టి జంట కుటుంబమగునా కాదా యని యింటి యజమాని వేయు ప్రశ్ననే న్యాయస్థానములును వేసికొనుచున్నవి. ఇది క్రొత్త ప్రశ్నయని పలువురు తలంతురు. మాకట్లు తోచదు. వివాహము లేని సహవాసమున స్త్రీకి జీవనహక్కు మన ధర్మశాస్త్రముననే యుండెను. 1956లో అది తొలగెను. 2006లో వేఱొక రూపమున వచ్చెను. పోయినదియు వచ్చినదియు నొకటి కావు.

యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షరా వ్యాఖ్యను రచించిన విజ్ఞానేశ్వరుడు కల్యాణి చాళుక్య చక్రవర్తి యగు ఆఱవ విక్రమాదిత్యుని (1076-1126) కాలమువాడు. ఆ కల్యాణి 1956 వఱకు హైదరాబాదు రాష్ట్రముననే యుండెను. పదుమూడవ శతాబ్దిలో మూలఘటిక కేతన 'విజ్ఞానేశ్వరీయము' పేర దానిని తెనిగించెను గాన ఈ గ్రంథము తెలుగు విద్యార్థులకు పరాయిది కాదు. పుత్రులు లేక మృతినొందినవాని ధనమును రాజు గైకొనునపుడు ఆతని స్త్రీలకు జీవనము కల్పింపవలెనని నారదుడు చెప్పెను. యాజ్ఞవల్క్యుడో అట్టివాని ధనమునకు పత్నినే ప్రథమాధికారిణిగా పేర్కొనెను. పత్నియే సర్వమును పొందునెడల నారదవచనమునకు చోటెక్కడ? విజ్ఞానేశ్వరుడీ విరోధమును ఒక్క పదముతో పరిహరించెను. నారదుడు 'పత్ని' యనలేదు, 'స్త్రీ' యనెను. కావున ఆ వచనము అవరుద్ధ స్త్రీలను గూర్చినదని నిర్ణయించెను. ఒక పురుషుని యొద్దనే నియతముగా నుండు అవివాహిత సహచరికి జీవనహక్కు ఇట్లు శబ్దార్థవిచారమువలన స్థిరపడినది. శబ్దచర్చ వట్టి కాలక్షేపమనువారికి మేము చూపదలచిన యుదాహరణమిది.

ఆంగ్లేయుల న్యాయస్థానములు ఈ హక్కును తిరస్కరింపలేదు. బొంబాయినుండి వచ్చిన యొక వ్యాజ్యమున 1926లో ప్రివీ కౌన్సిలు, అవరుద్ధ స్త్రీ ఆ పురుషుని కుటుంబగృహముననే నివసింపవలెనను నియమము లేదని తీర్పు చెప్పెను. అయినను హక్కునకు గట్టి హద్దులుండెను. పురుషుడు బ్రతికియున్నంత కాలము ఆమెను విడిచివేసినను అడుగువారు లేరు. ఆతని మరణమువఱకు ఆతని యొద్దనే యుండిననే ఆస్తినుండి భరణము. పిదపను ఆమె శీలమును కాపాడుకొనవలెను. పురుషునకట్టి నియమమేదియు లేదు.

ఆంధ్రదేశమునుండి సుప్రీంకోర్టునకు వెళ్ళి 1965లో తీర్పు పొందిన వ్యాజ్యము మా విషయమునకు మిక్కిలి దగ్గరిది. అందలి స్త్రీకి భర్త కలడు. ఆమె 1938 మొదలు 1948లో మరణించువఱకు మఱియొక పురుషునితో కాపురముండి కుమారులను కనెను. భర్త యున్న స్త్రీ అవరుద్ధ స్త్రీ కాజాలదనియు, ఉన్న హక్కు నైనను 1956 చట్టము హరించెననియు ప్రతిపక్షుల వాదము. న్యాయస్థానము రెండింటిని త్రోసిపుచ్చి తల్లికిని కుమారులకును భరణము నిలిపెను. ఆ పురుషుడు చట్టమునకు పూర్వమే మరణించుటయే వారికి కలిసివచ్చినది.

1956 నవంబరు 1న హైదరాబాదు ఆంధ్రప్రదేశమునకు రాజధాని యయ్యెను. సరిగా ఏబది దినములకు, డిసెంబరు 21న, హిందూ దత్తత, భరణ చట్టము అమలునకు వచ్చెను. దాని 21వ విభాగమున ఆశ్రితుల పట్టిక కలదు. వివాహేతర సంతానమగు మైనరు కుమారునకును అవివాహిత కుమార్తెకును అందు చోటు దొరకెను. వారిని కన్న తల్లికి దొరకలేదు. ఏకపత్నీవ్రతమును శాసనము చేయు ఉత్సాహమున దీనిని పట్టించుకొన్నవారు తక్కువ. తరువాత అట్టి స్త్రీకి మిగిలిన యాధారము వివాహానుమానమే. దీర్ఘకాలము దంపతులవలె జీవించినవారిని వివాహితులుగానే ఊహింపవలెనని, కాదనువారే ఋజువు చేయవలెనని 1978లో సుప్రీంకోర్టు చెప్పెను. ఏబది యేండ్లు కలిసి జీవించిన జంటను గూర్చిన తీర్పది. పెండ్లి యాడలేదని తామే చెప్పుకొను జంటకు అది యెట్లుపకరించును?

2005 నాటి గృహహింస నిరోధక చట్టము 2006 అక్టోబరు 26న అమలునకు వచ్చి, 'వివాహస్వభావము గల సంబంధము' నందున్న స్త్రీకి, ఆమె యే మతస్థురాలైనను, రక్షణ నిచ్చెను. అమీరుపేటలో ఒక పోర్షను పురుషుని పేరనే అద్దెకు తీసికొనబడినను అది ఉమ్మడి నివాసమే. ఆతడు ఆమెను హఠాత్తుగా వెడలగొట్టరాదు. వేఱు వసతి చూపుమని, అద్దె చెల్లింపుమని మేజిస్ట్రేటు ఆతని నాజ్ఞాపింపవచ్చును. పురుషుడు జీవించియుండగానే పనిచేయు హక్కిది. పూర్వపు స్త్రీ యెఱుగనిది. కాని 2010లో సుప్రీంకోర్టు, ఇరువురును వివాహార్హులై, అవివాహితులై, తగినంత కాలము స్వేచ్ఛగా కలిసి జీవించి, లోకమునకు దంపతులవలె కనబడవలెనని నియమించెను. పురుషుడు వివాహితుడని తెలిసియు ఆతనితో జీవించిన స్త్రీకి ఈ రక్షణ లేదని 2013లో తేల్చెను. 1965లో గెలిచిన ఆంధ్రస్త్రీ ఈ పరీక్షలో ఓడియుండును. ఈ యంశమున ప్రాచీనశాస్త్రమే యుదారమైనదని ఒప్పుకొనక తప్పదు.

మాటలను కూడ చూడుడు. 'అవరుద్ధ' కర్మణిరూపము, తెనుగున 'ఉంచుకొనుట' యన్నను కర్త పురుషుడే. 'సహజీవన'మన్నప్పుడు ఇరువురును కర్తలు. చట్టమింకను ఈ వ్యాకరణమును పూర్తిగా నేర్వలేదు. పురుషుడు వీలునామా వ్రాయక మరణించెనా, 1956 నాటి హిందూ వారసత్వ చట్టపు పట్టికలో సహచరికి స్థానము లేదు. న్యాయస్థానము వివాహము నూహించిననే తప్ప, 1926 నాటి అవరుద్ధ స్త్రీ మృతుని యాస్తిపై వేయగలిగిన భరణపు దావాను నేటి పంజగుట్ట సహచరి వేయజాలదు.