శివాజీనగర్ ఆరోగ్యమాత: దేహానికి దక్కిన మర్యాద

సెప్టెంబర్ 8 మరియమాత పుట్టినరోజు. ఆ రోజు బెంగళూరు శివాజీనగర్ వీధుల్లో మాత రథం కదులుతుంది. అంతకు ముందే, ఆగస్టు 29న, సెయింట్ మేరీస్ బసిలికా దగ్గర జెండా ఎగరేసి నవదిన ప్రార్థనలు మొదలుపెడతారు. కాషాయ బట్టలు కట్టుకుని, కొవ్వొత్తులు పట్టుకుని వచ్చేవాళ్ళలో క్రైస్తవులతో పాటు హిందువులు, ముస్లిములు కూడా ఉంటారు. బాలయేసును ఎత్తుకుని చీరకట్టులో నిలబడ్డ ఆ తల్లిని వాళ్ళు అడిగేది చాలావరకు ఒంటికి సంబంధించిన సంగతే: తగ్గని జబ్బు, కలగని సంతానం, రేపటి ఆపరేషన్. అందుకే ఆమె ఆరోగ్యమాత.

ఈ పేటను ఒకప్పుడు బ్లాక్‌పల్లి అనేవారు. 1811 ప్రాంతంలో ఇక్కడ చిన్న ప్రార్థనాలయం కట్టించినవాడు ఆబె దుబువా అనే ఫ్రెంచి గురువు. 1792లో పుదుచ్చేరి వైపు వచ్చి, 1799లో శ్రీరంగపట్నం పతనమయ్యాక మైసూరు సీమ చేరాడు. ఇక్కడివాళ్ళలాగే బట్టలు కట్టాడు, మాంసం మానేశాడు. జనం ఆయన్ను దొడ్డస్వామి అన్నారు. అమ్మవారు పోసిందంటే ఊరు ఊరంతా వణికిపోయే కాలం అది. జెన్నర్ తొలి టీకా వేసి పదేళ్ళయినా కాకముందే, 1803-04లో, దుబువా 25,432 మందికి మశూచి టీకాలు వేయించినట్లు లెక్కల్లో ఉంది. ఆత్మల కోసం వచ్చిన గురువు ముందుగా ఒళ్ళను కాపాడే పనికి పూనుకున్నాడు.

ఇప్పుడు మనం చూసే గోథిక్ కట్టడం క్లైనర్ అనే గురువు పూనికతో 1875లో మొదలై, 1882 సెప్టెంబర్ 8న ప్రతిష్ఠ జరుపుకుంది. 1898లో బెంగళూరును ప్లేగు చుట్టుముట్టింది. ఎన్నో కుటుంబాలు ఇళ్ళు వదిలి పొలిమేరలకు పోయాయి. కొన్ని పేటల్లో ప్లేగు మారమ్మకు గుళ్ళు వెలిశాయి. బ్లాక్‌పల్లి జనం మరియ పాదాలు పట్టుకున్నారు. తల్లే గట్టెక్కించిందన్న నమ్మకంతో ఆరోగ్యమాత భక్తి ఇక్కడ వేళ్ళూనుకుంది. 1973లో ఆరవ పౌలు పోపు ఈ గుడికి బసిలికా హోదా ఇచ్చాడు. కర్ణాటకలో ఆ హోదా పొందిన తొలి గుడి ఇదే.

కథోలికులు మరియను దేవతగా ఆరాధించరు. ఆరాధన దేవుడికే. తల్లికి చేసేది గౌరవం, తమకోసం ప్రార్థించమని వేడుకోవడం. ఆ గౌరవానికి మూలం కూడా దేహమే. దేవుడు మనిషిగా పుట్టినప్పుడు రక్తమాంసాలు ఈమె నుంచే తీసుకున్నాడని వాళ్ళ విశ్వాసం. క్రీ.శ. 431లో ఎఫెసులో జరిగిన మహాసభ ఆమెను దేవమాత అనడం సరైనదేనని తేల్చింది. దేవుడు స్త్రీ కడుపులో పెరిగాడని, ఆమె పాలు తాగాడని ఒప్పుకున్నాక ఇక దేహాన్ని మైల అనడానికి వీలుండదు.

ఈ ఆలోచన, మరియ పరలోకానికి చేరడాన్ని స్మరించే ఆగస్టు 15 పండుగలో పూర్తిగా పండింది. క్రీ.శ. 600 ప్రాంతంలోనే బైజాంటైన్ చక్రవర్తి మారిస్ ఆ తేదీని ఖాయం చేశాడు. మన తెలుగు కథోలిక విచారణల్లో (పారిష్‌లలో) దాన్ని మోక్షారోపణ పండుగ అంటారు. అయితే ఆ పండుగ వెనకున్న నమ్మకం విశ్వాస సత్యంగా ప్రకటితమైంది 1950 నవంబర్ 1న. అంతకు నాలుగేళ్ళ ముందు పన్నెండవ పయస్ పోపు ప్రపంచంలోని బిషప్పుల అభిప్రాయం అడిగి తెలుసుకున్నాడు. ఇహలోక జీవితం ముగిశాక మరియను దేవుడు ఆత్మతో, శరీరంతో పరలోక మహిమలోకి చేర్చుకున్నాడన్నదే ఆ ప్రకటన. ఆమె మరణించిందా లేదా అన్నది అందులో తేల్చలేదు. శరీరం కూడా వెళ్ళిందన్నదే కీలకం. అప్పటికి రెండో ప్రపంచయుద్ధం ముగిసి ఐదేళ్ళు. నాజీల శిబిరాల్లో, హిరోషిమాలో మనుషుల ఒళ్ళు బూడిదైన లోకం అది. మన ఆత్మలకూ శరీరాలకూ ఎంత ఉన్నతమైన గమ్యం ఉందో అందరూ గుర్తించాలని పోపు ఆ పత్రంలోనే ఆశించాడు. తర్వాత రెండవ జాన్ పాల్ పోపు 1979 నుంచి 1984 దాకా బుధవారం ప్రసంగాల్లో మానవ దేహం గురించే విస్తారంగా బోధించాడు.

దేహం అశాశ్వతం, ఆత్మే నిత్యం అని వింటూ పెరిగిన మనకు ఈ బోధ కొత్తగా తోస్తుంది. కానీ మొక్కుల దగ్గర జనం ఎప్పుడూ ఒంటినే ముందు పెట్టారు. ఆరోగ్యమాత క్షేత్రమైన వేళాంగణిలో కాలు నయమైతే కాలి బొమ్మ, కళ్ళు బాగైతే కళ్ళ బొమ్మ తల్లికి సమర్పిస్తారు. బెంగళూరులో ఆ శ్రద్ధ ఆసుపత్రులుగా కూడా రూపం కట్టింది. 1886లో గుడ్ షెపర్డ్ సిస్టర్లు సెయింట్ మార్తాస్ ఆసుపత్రి తెరిచారు. 1963లో భారత కథోలిక బిషప్పుల సమాఖ్య సెయింట్ జాన్స్ వైద్య కళాశాల స్థాపించింది.

మరియ దేహానికి దక్కిన మహిమ ఆమె ఒక్కదానితో ఆగేది కాదు, మనుషులందరికీ ఉన్న ఆశ అదేనని కథోలిక సంఘం చెబుతుంది. ఆ మాట నిజమని నమ్మితే, వార్డులో నేల మీద పడుకున్న రోగి, కాన్పుకొచ్చి తిట్లు తినే పేదరాలు, మురుగు గుంతలోకి దిగే కార్మికుడు మన కళ్ళకు వేరుగా కనిపించాలి. వాళ్ళ ఒంటిని మర్యాదగా చూసుకోవడం కూడా మరియ భక్తే.