ఆయిల్లో కాగితం

ట్రాన్స్‌ఫార్మర్ ఆయుష్షు ఎంతో చెప్పేది దాని లోపలి కాగితం. నల్లగొండ వైపు బోర్ల కింద సేద్యం పెరిగిన రోజుల్లో రిపేరు షెడ్డు నడిపినవాణ్ని. ట్యాంకు మూత విప్పగానే నా చెయ్యి ముందు వైండింగ్ మీది కాగితానికే పోయేది. బాగున్న కాగితం మడతపడుతుంది. మాడిన కాగితం అప్పడంలా విరుగుతుంది. అలా విరిగిందంటే తీగ ఎంత మెరుస్తున్నా ఆ కాయిల్ పని అయిపోయినట్టే. ట్యాంకు నిండా ఆయిల్ పోసేది ఆ కాగితాన్ని కాపాడటానికే అనేవాణ్ని. మా కుర్రాళ్లు నవ్వేవాళ్లు.

మొదట్లో ఈ ఆయిల్ లేదు. 1885లో బుడాపెస్ట్‌లోని గాంజ్ కార్ఖానాలో జిపెర్నోవ్‌స్కీ, బ్లాతీ, డేరీ అనే ముగ్గురు తయారుచేసిన ట్రాన్స్‌ఫార్మర్లు గాలిలోనే నడిచాయి. సూత్రం మాత్రం ఇవాళ్టిదే. ఒక చుట్టలో ఏసీ కరెంటు పారితే ఇనుప కోర్‌లో అయస్కాంత ప్రవాహం క్షణక్షణం మారుతుంది, ఆ మార్పు రెండో చుట్టలో వోల్టేజీ పుట్టిస్తుంది. రెండో దాంట్లో చుట్లు ఎక్కువుంటే వోల్టేజీ పెరుగుతుంది, తక్కువుంటే తగ్గుతుంది. ఊళ్లో దీపాలకు ఆ పొడి ట్రాన్స్‌ఫార్మర్లు సరిపోయాయి. కరెంటును దూరం పంపాలంటే వేల వోల్టులు కావాలి. అక్కడ గాలి చేతులెత్తేసింది.

1891 ఆగస్టులో జర్మనీలో ఆ చిక్కు విడిపోయింది. నెకార్ నది మీది లౌఫెన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ విద్యుత్ ప్రదర్శనకు 175 కిలోమీటర్ల లైను వేశారు. 15 వేల వోల్టులు, మూడు ఫేజులు. ఏఈజీ తరఫున డొలివో-డొబ్రొవోల్స్కీ, ఓర్లికాన్ కంపెనీ తరఫున 28 ఏళ్ల చార్లెస్ బ్రౌన్ ఆ పని చేశారు. ట్రాన్స్‌ఫార్మర్లను ఆయిల్లో ముంచారు. స్తంభాల మీది పింగాణీ ఇన్సులేటర్లకూ ఆయిల్ పోసే గాడి పెట్టారు. ఫ్రాంక్‌ఫర్ట్ చేరిన కరెంటు వెయ్యి దీపాలు వెలిగించి, ఒక మోటారుతో నీళ్లు పైకెత్తి కృత్రిమ జలపాతాన్ని పారించింది. ఏటి నీళ్లతో పుట్టిన కరెంటు మళ్లీ నీళ్లే తోడింది. మన పంపుసెట్టు కథ అక్కడ మొదలైందంటాను నేను.

ఆయిల్ సత్తా షెడ్డులో రోజూ చూసేవాళ్లం. టెస్ట్ కిట్ గిన్నెలో రెండు ఎలక్ట్రోడ్ల మధ్య ఎడం 2.5 మిల్లీమీటర్లు. అంతే ఎడం గాలిలో ఉంటే సుమారు ఎనిమిది వేల వోల్టులకే నిప్పు దూకుతుంది. మంచి ఆయిల్ 30 వేలు దాటినా చలించదు. అదే ఆయిల్లో కంటికి కనిపించనంత తడి చేరితే చాలు, మీటరు ముల్లు సగానికి రాకముందే చిటుక్కుమంటుంది. వేడెక్కిన ఆయిల్ పైకి లేచి, రేడియేటర్ గొట్టాల్లో చల్లారి కిందికి దిగుతుంది, ఏ పంపూ అక్కర్లేదు. వేడికి ఆయిల్ ఉబ్బి, చల్లారితే కుంచించుకుంటుంది. అలా కుంచించుకున్నప్పుడు ట్యాంకు గాలి పీలుస్తుంది. గాలితో తడి లోపలికి పోకుండా బ్రీదర్‌లో నీలం సిలికాజెల్ పెడతారు. తడి పీల్చి అది గులాబీ రంగుకు తిరగ్గానే మార్చాలి. మా దగ్గరికి వచ్చిన వాటిలో నీలంగా ఉన్నది అరుదు.

మన వైపుకొస్తే, 1902లో శివనసముద్రం నుంచి కోలార్ బంగారు గనులకు దాదాపు 147 కిలోమీటర్ల లైను పడింది. ఆ గనుల్లో తెలుగువాళ్లు ఎందరో పనిచేశారు. హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ థర్మల్ కేంద్రం 1920లో, మాచ్‌ఖండ్ జల విద్యుత్తు 1955లో వచ్చాయి. అయినా చేలగట్టు మీదికి ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కడం బోర్ల కాలం సంగతే. ఎన్టీఆర్ ప్రభుత్వం హార్స్‌పవర్‌కు ఏడాదికి 50 రూపాయలే తీసుకున్నప్పుడు మోటార్లు పెరిగాయి. 2004 మేలో ఉచిత విద్యుత్తు వచ్చాక ఇంకా పెరిగాయి.

కాగితానికి చావొచ్చింది ఆ మోటార్ల వల్లే. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద 5 హెచ్‌పీ మోటార్లు మహా అయితే ఓ ఇరవై నడుస్తాయి. లెక్కలో లేనివి మరో పది తగిలేవి. కరెంటు ఏ రాత్రి వస్తుందో తెలియని రైతు ఆటో స్టార్టర్ పెట్టుకోక ఏం చేస్తాడు? సప్లై రాగానే అన్ని మోటార్లూ ఒక్కసారే లేచేవి. లేచేటప్పుడు ఒక్కోటి మామూలుకంటే అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది. ఆపాల్సిన ఫ్యూజు చోట లైను తీగ పోగులు కట్టి ఉండేవి. వేడి ఆరేడు డిగ్రీలు పెరిగితే కాగితం ఆయుష్షు సగమవుతుంది. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లకు 1921లో మాక్స్ బుఖ్‌హోల్జ్ కనిపెట్టిన రిలే ఉంటుంది. ఆయిల్లో గ్యాస్ పుడితే అది ముందే గంట కొడుతుంది. చేను ట్రాన్స్‌ఫార్మర్‌కి ఆ భాగ్యం లేదు. కాలాక రైతులు తలా ఇంత వేసుకుని ట్రాక్టర్ మీద మా దగ్గరికి తెచ్చేవాళ్లు. వరి పొట్టకొచ్చిన వేళైతే షెడ్డు గుమ్మంలోనే పడుకునేవాళ్లు.

తర్వాత కొన్నిచోట్ల హెచ్‌వీడీఎస్ పేరుతో 11 కేవీ లైనునే చేను దాకా లాగి, ఇద్దరు ముగ్గురు రైతులకో చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చారు. 16 కేవీఏ, 25 కేవీఏవి. నష్టాలు తగ్గించే పద్ధతని ఇంజనీర్లు చెప్పారు, నిజమే. నాకు నచ్చింది వేరే సంగతి. ముప్పై మోటార్లున్నచోట పెద్ద మోటారు దించింది ఎవరో ఎవరికీ తెలియదు. ముగ్గురే ఉన్నచోట మూడు హెచ్‌పీ తీసి అయిదు దించితే గట్టు అవతలివాడు ఆ పూటే వచ్చి అడుగుతాడు.