చట్టం కేంద్రానిది, ఠాణా రాష్ట్రానిది
అంటరానితనం నేరమని 17వ అధికరణం చెప్పింది. దానికి శిక్షలు పెట్టే చట్టాన్ని పార్లమెంటే చేయాలి, శాసనసభలు చేయరాదని 35వ అధికరణం తేల్చింది. ఊళ్లో పెత్తనం చేసే కులాలే శాసనసభల్నీ ఏలుతున్నప్పుడు ఇది మనకు అండే. 1955 చట్టమూ, కారంచేడు (1985) తర్వాత వచ్చిన 1989 అత్యాచారాల నిరోధక చట్టమూ పార్లమెంటు చేసినవే.

అయితే ఏడో షెడ్యూలు పోలీసుల్నీ, భూమినీ రాష్ట్ర జాబితాలో పెట్టింది. కేసు రాయాల్సిన ఎస్సై, పంచాల్సిన భూమి రెండూ ఆ పెత్తందార్ల చెప్పుచేతల్లోనే ఉండిపోయాయి. 1989 చట్టం వచ్చాకే, 1991 ఆగస్టులో, చుండూరులో పోలీసులుండగానే ఎనిమిదిమంది దళితుల్ని చంపారు. ప్రత్యేక కోర్టు తీర్పు 2007లో గానీ రాలేదు. 2014లో హైకోర్టు ఆ శిక్షల్ని కొట్టేసింది.

చట్టం ఎవరు చేశారన్నది సగం ప్రశ్నే. అమలు ఎవరి చేతుల్లో ఉందన్నదే మిగతా సగం.