డీబగ్గింగు రకాల సమాచారపు విలీనం

డీబగ్గింగు రకాల సమాచారపు విలీనం అనగా, ఒక ప్రోగ్రాముకు చెందిన వేర్వేరు ఆబ్జెక్టు ఫైళ్ళలో నమోదైన దత్తాంశ రకాల వర్ణనలను పోల్చి, ఒకేలా ఉన్నవాటిని ఒక్కటిగా చేసే ప్రక్రియ. సి భాషలో ప్రతి మూల ఫైలునూ కంపైలరు విడిగా అనువదిస్తుంది. అందువల్ల హెడరు ఫైలులో ఒక్కసారే రాసిన స్ట్రక్చరు, దానిని వాడుకున్న ప్రతి ఫైలు తాలూకు డీబగ్గింగు సమాచారంలోనూ మళ్ళీ నమోదవుతుంది.

పోలికలోని చిక్కు

పూర్ణాంకాల వంటి మౌలిక రకాలను పోల్చడం తేలిక. స్ట్రక్చర్ల విషయంలో పేరు ఒక్కటే చాలదు. వేర్వేరు ఫైళ్ళలో ఒకే పేరుతో వేర్వేరు స్ట్రక్చర్లు ఉండడం సి భాషలో తప్పు కాదు. సభ్యాల పేర్లు, వరుస, స్థానాలు, రకాలు అన్నీ కలవాలి. ఆ రకాలు మళ్ళీ వేరే స్ట్రక్చర్లను సూచిస్తాయి. ఉదాహరణకు, ఉప్పలగుప్తం మండలంలోని కొబ్బరితోటల లెక్కలకై రాసిన ప్రోగ్రాములో "రైతు" స్ట్రక్చరులో "తోట"కు పాయింటరు, "తోట"లో తిరిగి "రైతు"కు పాయింటరు ఉన్నాయనుకుందాం. రెండు ఫైళ్ళలోని "రైతు"లు సమానమా అని తేల్చాలంటే "తోట"లను పోల్చాలి. "తోట"లను పోల్చాలంటే మళ్ళీ "రైతు"లను పోల్చాలి. తగు జాగ్రత్త లేని పోలిక ఎన్నటికీ ముగియదు.

పద్ధతులు

సన్ మైక్రోసిస్టమ్స్ వారి సొలారిస్‌లో సిటిఎఫ్ అనే రూపంలోని సమాచారాన్ని విలీనం చేసే ఉపకరణం ఉండేది. 2010లో వెలువడిన డ్వార్ఫ్ 4వ కూర్పు, రకానికి 64 బిట్ల సంతకాన్ని ఇచ్చి, సంతకం కలిసిన వర్ణనలలో ఒక్కదానినే లింకరు ఉంచుకొనే వీలు కల్పించింది.

లినక్స్ కెర్నెల్ వాడే బిటిఎఫ్ రూపానికి ఆంద్రీ నక్రీకో రూపొందించిన పద్ధతి చాలా చక్కనిది. పేరు, పరిమాణం, సభ్యాల పేర్లు, స్థానాలతో లెక్కించిన హాష్ విలువ కలిసినవాటినే ఇది పోలికకు తీసుకుంటుంది. ఒక జత మొదట ఎదురవగానే అవి సమానమని తాత్కాలికంగా ఊహించి ముందుకు సాగుతుంది. అదే జత తిరిగి ఎదురైతే అక్కడ ఆగుతుంది. ఎక్కడైనా వైరుధ్యం కనబడితే ఊహలన్నిటినీ రద్దు చేస్తుంది. కనబడకపోతే "రైతు", "తోట" రెండూ ఒకేసారి సమానమని తేలుతాయి. కెర్నెల్ విషయంలో 124 మెగాబైట్ల డ్వార్ఫ్ సమాచారం నుండి సుమారు 1.5 మెగాబైట్ల బిటిఎఫ్ ఏర్పడింది.

పొరపాట్ల ఫలితం

కలపవలసినవాటిని కలపకపోతే ముఖ్యంగా స్థలం వృథా అవుతుంది. కలపకూడనివాటిని కలిపితే, డీబగ్గరు తప్పు స్థానంలోని బైట్లను చదివి, ఏ హెచ్చరికా లేకుండా తప్పు విలువ చూపుతుంది. ఒక ఫైలులో షరతుతో కూడిన అనువాదం వల్ల "తోట"లో ఒక సభ్యం అదనంగా చేరినా, దాని తరువాతి సభ్యాల స్థానాలు మారవచ్చు. అప్పుడు "తోట"తో పాటు దానిని సూచించే "రైతు"ను, "రైతు"ను సూచించే ఇతర రకాలను కూడా విడిగానే ఉంచవలసి వస్తుంది.