రాసుకుంటూ పోయిన బండి, ముఆవ్జా తారీఖ్

ఉర్దూలో తారీఖ్ అనే మాటకి రెండు అర్థాలు. ఒకటి తేదీ, రెండోది చరిత్ర. మా ఉర్దూ మీడియం బడిలో హిస్టరీ పీరియడ్ పేరే తారీఖ్. తెలుగులోకి వచ్చేసరికి తారీఖుకి తేదీ ఒక్కటే మిగిలింది. కోర్టు గుమ్మం ఎక్కినవాళ్లకి మూడో అర్థం కూడా తెలుసు: వాయిదా. రోడ్డు మీద జఖ్మీ అయిన మనిషికి దక్కాల్సిన ముఆవ్జా, అదే నష్టపరిహారం, కథలో ఈ మూడు అర్థాలూ ఉన్నాయి.

నేను పత్రిక డెస్కులో కోనసీమ పేజీ చూసిన రోజుల్లో ఉప్పలగుప్తం మండలం నుంచి ఒక రకం వార్త తరచూ వచ్చేది. కారు, ఆటో ఎదురెదురుగా వచ్చి ఒకదాన్నొకటి రాసుకున్నాయి. ఆటోలో ఇద్దరికి స్వల్ప గాయాలు. అంతే, నాలుగు లైన్లు. ఆ రోడ్లు చూసినవాళ్లకి ఇందులో తాజ్జుబ్ ఏమీ ఉండదు. ఒక పక్క కాలవ, ఇంకో పక్క చేను లేదా చేపల చెరువు. రెండు బళ్లు ఎదురైతే ఒకటి మార్జిన్‌లోకి దిగాలి. ఎవరు దిగాలన్న జిద్దులో అద్దాలు తగులుతాయి, రేకు చీరుకుంటుంది. ఆటో అంచున కూర్చున్నవాడి మోకాలో మోచెయ్యో నలుగుతుంది. ఢీకొట్టిన బండి అక్కడే ఆగిపోతుంది. రాసుకున్న బండి చాలాసార్లు ఆగకుండా పోతుంది.

ఆ నలిగిన మోకాలికి ఎవరు జవాబుదారీ? ఈ సవాల్ మోటారు బండి కంటే పాతది.

కంపెనీ సర్కారు తొలి రోజుల్లో మద్రాసులో సదర్ ఫౌజ్‌దారీ అదాలత్ ఉండేది. నేరాల కేసుల్లో కాజీ, ముఫ్తీ ఫత్వా చెప్పేవారు. ఇస్లామీ ఫిఖ్‌లో పొరపాటున ప్రాణం తీస్తే దియత్ ఉంది. గాయానికి ఇచ్చేది అర్ష్. ఒక చెయ్యి పోతే పూర్తి దియత్‌లో సగం, ఒక వేలు పోతే పదో వంతు. ముట్టేది గాయపడినవాడికే. కంపెనీ పాలకులకు ఈ పద్ధతి నచ్చలేదు. మెల్లమెల్లగా దియత్ స్థానంలో ఖైదు వచ్చింది. 1860 నాటి శిక్షాస్మృతి 1862లో అమల్లోకి వచ్చాక నేరం సర్కారుకీ ముద్దాయికీ మధ్య వ్యవహారం అయిపోయింది. జరిమానా మామూలుగా ఖజానాకి పోయేది. జఖ్మీ గవాహ్‌గా మిగిలాడు.

1855లోనే ఒక కానూన్ వచ్చింది, ఫేటల్ యాక్సిడెంట్స్ యాక్ట్. ఇంగ్లండులో 1846లో చేసిన చట్టానికి ఇది నకలు. ఇతరుల తప్పు వల్ల మనిషి చనిపోతే అతని కుటుంబం దావా వేయొచ్చంది. బతికి బయటపడ్డవాడు మాత్రం మామూలు సివిల్ కోర్టుకే పోవాలి. కోర్టు ఫీజు కట్టాలి, తప్పు ఎవరిదో తనే సాబిత్ చేయాలి. గెలిచాక కూడా అవతలివాడి దగ్గర డబ్బుంటేనే చేతికి వచ్చేది.

ఆ చివరి చిక్కు విప్పడానికే బీమా. బ్రిటన్‌లో 1930లో మూడో వ్యక్తి బీమా తప్పనిసరి అయింది. మన దగ్గర 1939 మోటారు వాహనాల చట్టంలో దాన్ని రాశారు గానీ ఆ అధ్యాయం అమల్లోకి వచ్చింది 1946 జులై 1న. 1956 సవరణతో మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రైబ్యునళ్లకు దారి పడింది. అప్పుడు దరఖాస్తుకి గడువు 60 రోజులు. 1969లో దాన్ని ఆరు నెలలు చేశారు.

అయినా తప్పు సాబిత్ చేసే బరువు దిగలేదు. తప్పు రుజువు కాకపోతే పరిహారం లేదని 1977లో మీనూ మెహతా కేసులో సుప్రీంకోర్టు ఖరాఖండిగా చెప్పేసింది. రాసుకుపోయిన కేసుల్లో ఇది ఎంత జుల్మో ఆలోచించండి. రెండు బళ్లూ రోడ్డు మధ్యకే వచ్చుంటాయి. ఇద్దరు డ్రైవర్లూ అవతలివాడే తప్పంటారు. 1982 సవరణ ఈ బరువుని కొంచెం తగ్గించింది. తప్పుతో నిమిత్తం లేకుండా మరణానికి 15,000, శాశ్వత వైకల్యానికి 7,500 రూపాయలు ఇమ్మంది. రకమ్ చిన్నదే, ఉసూల్ పెద్దది. 1988 చట్టం, 1994 సవరణ ఆ అంకెల్ని పెంచాయి. 2022 ఏప్రిల్ 1 నుంచి అవి మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు. ఎముక విరిగితే చట్టం దృష్టిలో అది తీవ్ర గాయమే. మా నాలుగు లైన్ల వార్తలో స్వల్పం అని ఉన్నా సరే.

ఇక రాసుకుపోయిన కేసులకే ప్రత్యేకమైన ఒక తీర్పు. 1974లో రిపోర్టయిన మధ్యప్రదేశ్ హైకోర్టు కేసు ఇది. బస్సు కిటికీ అంచున మోచెయ్యి ఆనించి కూర్చున్న ఒక మహిళకి ఎదురుగా వచ్చిన లారీ తగిలి గాయమైంది. చెయ్యి బయట పెట్టడం ఆమె తప్పే కదా అన్నారు అవతలివాళ్లు. కోర్టు ఒప్పుకోలేదు. కిటికీ మీద మోచెయ్యి ఆనించడం ప్రయాణికుల మామూలు అలవాటు, అది డ్రైవర్లకి తెలుసు, పక్క బండిని దాటేటప్పుడు ఆ మేరకు జాగా వదలడం వాళ్ల ఫర్జ్ అంది. మన షేర్ ఆటోల్లో సగం ఒళ్లు బయట పెట్టుకుని పోయే కూలీల తరఫున మాట్లాడే వకీళ్లకి ఈ దలీల్ ఇప్పటికీ పనికొస్తుంది.

రెండో దలీల్ 2015లో సుప్రీంకోర్టు ఇచ్చింది. రెండు బళ్ల తప్పూ కలిసి మూడో మనిషి గాయపడితే, ఆ మనిషి ఇద్దరిలో ఎవరి నుంచైనా పూర్తి పరిహారం రాబట్టుకోవచ్చు. ఎవరి వాటా ఎంతన్నది ఆ ఇద్దరి గొడవ. ఆటోలో కూర్చున్నవాడు దాని కోసం ఏళ్ల తరబడి తారీఖుల చుట్టూ తిరగక్కర్లేదు.

ఎంత ఇవ్వాలన్న లెక్క దగ్గర అర్ష్ మళ్లీ గుర్తొస్తుంది. పాత ఫిఖ్ అవయవానికి హిస్సా కట్టింది. 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇంకో దారి పట్టింది. డాక్టరు రాసిన వైకల్యం శాతం ఒకటి, సంపాదన పోయిన శాతం ఇంకొకటి అంది. ఎడమ చెయ్యి పోయిన గుమాస్తాకి, ఎడమ చెయ్యి పోయిన వడ్రంగికి నష్టం ఒకటి కాదంది. దీన్ని ఉప్పలగుప్తం తోటల్లోకి తెచ్చి చూద్దాం. నెలకు 10,000 సంపాదించే 38 ఏళ్ల కొబ్బరి దింపు కార్మికుడు అనుకుందాం. సరళా వర్మ కేసు (2009) ప్రకారం ఆ వయసుకి గుణకం 15. ఏడాదికి లక్షా 20 వేల చొప్పున 15 రెట్లు, 18 లక్షలు. మోకాలికి డాక్టరు 20 శాతం రాస్తే, ఆ కాగితమే పట్టుకుంటే 3 లక్షల 60 వేలు. కానీ వంగని మోకాలితో చెట్టెక్కేదెలా? సంపాదనలో 60 శాతం పోయిందని ట్రైబ్యునల్ నమ్మితే 10 లక్షల 80 వేలు. మందులు, నొప్పి, ఇంట్లో కూర్చున్న నెలల కూలి విడిగా. తేడా అంతా అతను చేసే పని ఏమిటో రికార్డులోకి ఎక్కించడంలో ఉంది.

బండి నంబరు దొరక్కపోతే? అదీ ఖాళీ చేతులతో వదిలేసే కేసు కాదు. ఢీకొట్టి పారిపోయిన బళ్ల బాధితులకి ఇప్పుడు మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000. దరఖాస్తు విచారించేది రెవెన్యూ అధికారి, మంజూరు చేసేది కలెక్టర్. ఈ పథకం వాడుకునేవాళ్లు మరీ తక్కువని 2024 జనవరిలో సుప్రీంకోర్టే అంది. పథకం సంగతి బాధితులకి చెప్పమని పోలీసులకి హుకుం ఇచ్చింది.

1994లో తీసేసిన ఆరు నెలల గడువు 2019 సవరణతో తిరిగొచ్చి 2022లో అమల్లోకి వచ్చింది. అది చెల్లుతుందా అన్న సవాలు సుప్రీంకోర్టు ముందుంది. ఆ ఫైస్లా కోసం మాత్రం ఆగొద్దు. మన పల్లెల్లో రాసుకుపోయిన కేసులు చాలావరకు రోడ్డు మీదే, పెద్దమనుషుల మధ్య, రెండు మూడు వేలతో రాజీ అయిపోతాయి. వాపు తగ్గాక ఎముక విరిగిందని తెలుస్తుంది. అప్పటికి బండి లేదు, ఎఫ్‌ఐఆర్ లేదు, గవాహ్ లేడు. అందుకే దోస్తులారా, రాజీ మాట తర్వాత. ముందు బండి నంబరు ఫోన్‌లో ఫొటో తీయండి. సర్కారు ఆసుపత్రిలో గాయం రాయించండి. స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి నకలు తీసుకోండి. దెబ్బ తగిలిన మనిషి ఏం పని చేసి బతుకుతాడో ఆ కాగితాల్లో సాఫ్‌గా రాయించండి.