ఉదయగిరి దుర్గం మీద మిగిలినవి

నెల్లూరు తీరం నుంచి పడమరగా పోతే చదును నేల వెలికొండలకు తగిలేచోట ఉదయగిరి కొండ ఉంటుంది. ఎత్తు 3,079 అడుగులు. చాలా వైపుల కోసినట్టుగా నిట్టనిలువుగా దిగుతుంది. మనిషి ఎక్కగలిగిన ప్రతిచోటా ఒక గోడో బురుజో అడ్డం పడుతుంది. పాత లెక్కల ప్రకారం ఇక్కడ 13 కోటలు, వాటిలో కొండ మీద 8, కింద 5. కింద ఊరు ఇప్పటికీ ఉంది. పైన మాత్రం కాపురాలు లేవు.

కోట కట్టింది లాంగూల గజపతి అని స్థానికంగా చెప్పుకుంటారు. అయితే ఒడిశాలో సూర్యవంశ గజపతులు గద్దె ఎక్కింది 1434లో. అంతకు ఎన్నో ఏళ్ల ముందే విజయనగర రాకుమారులు ఉదయగిరి రాజ్యం పేరుతో తూర్పు నేలను ఏలుతున్నారు. హరిహరుడి తమ్ముడు కంపన, ఆయన కొడుకు రెండో సంగముడు ఈ వరుసలోవాళ్లే. సంగముడి 1356 నాటి బిట్రగుంట శాసనం నెల్లూరు జిల్లాలోనే దొరికింది. కాబట్టి దుర్గాన్నంతా ఆ గజపతుల ఖాతాలో వెయ్యడం కుదరదు. తర్వాత వచ్చినవాళ్లు పాత గోడను పెంచారు, చాలినచోట అలాగే వాడుకున్నారు.

కొండ మీద కాపురానికి మొదట కావలసింది నీళ్లు. ఉదయగిరి పాలకులకు ఆ సంగతి బాగా తెలుసు. బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఇక్కడి నుంచి పాలిస్తూ, కొండల అవతల కడప సీమలో పోరుమామిళ్ల చెరువు తవ్వించాడు. రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని 1369 నాటి శాసనం చెబుతుంది. మంచి చెరువుకు ఉండవలసిన 12 అంగాలను, ఉండకూడని 6 దోషాలను కూడా అదే రాయి మీద చెక్కించారు. దుర్గం పైన అంత పెద్ద చెరువుకు చోటు లేదు. వాన నీటిని గుంటల్లో, కోనేళ్లలో పట్టుకోవడమే దారి.

ఆ నీటి బలం ఎంతో కృష్ణదేవరాయల ముట్టడిలో తేలింది. పదిహేనో శతాబ్దంలో చేతులు మారిన దుర్గం ప్రతాపరుద్ర గజపతి అధీనంలో ఉండగా రాయలు 1513లో దాన్ని చుట్టుముట్టాడు. ముట్టడి ఏడాదిన్నర సాగిందని, సేన ఎక్కడానికి బండలు పగలగొట్టి దారులు చేయించాడని పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్ రాశాడు. 1514లో కోట లొంగింది. గజపతి బంధువు తిరుమల రౌతరాయడు చిక్కాడు. ఆ జూలైలోనే రాయలు తిరుమల కొండకు వెళ్లి 30 వేల వరహాలతో స్వామికి కనకాభిషేకం చేశాడు.

కొండ మీది గుడిలోని బాలకృష్ణ విగ్రహం కూడా ఆయన వెంట వెళ్లింది. హంపీలో దానికోసం కొత్త ఆలయం కట్టించి 1515లో ప్రతిష్ఠించాడు. హంపీ పాడుపడ్డాక, దెబ్బతిన్న ఆ విగ్రహం చెన్నై ప్రభుత్వ మ్యూజియానికి చేరింది. ఉదయగిరిని అర్థం చేసుకోవాలంటే ఒక్క కొండ ఎక్కితే చాలదు. ముఖ్యమైన ముక్క చెన్నైలో, దాని పీఠం హంపీలో ఉన్నాయి.

1640లలో గోల్కొండ సేనలు వచ్చాయి. కొండ మీద మసీదు లేచింది. దాని ఫారసీ శాసనాలు ఆ కాలపు అధికారుల సంగతి చెబుతాయి. కింద రంగనాయకుల ఆలయం, చెక్కిన స్తంభాలు మిగిలాయి. ఆ తర్వాత మొగలులు, ఆర్కాటు నవాబులు. నవాబు ఇచ్చిన జాగీరు ముస్తఫా అలీ ఖాన్ వంశంలో సాగి, 1839లో ఆగిపోయింది. కర్నూలు నవాబుతో కలిసి ఈస్టిండియా కంపెనీపై కుట్ర చేశాడన్న ఆరోపణ మీద అప్పటి జాగీర్దారును చెంగల్పట్టుకు పంపి జాగీరు లాక్కున్నారు. కోటకు కాపలా పెట్టవలసినవాడు లేకపోయాక పైన ఉండవలసిన అవసరమూ పోయింది. ముట్టడి కంటే జాగీరు లాక్కున్న ఆ ఉత్తర్వే దుర్గాన్ని ఎక్కువ ఖాళీ చేసిందనాలి.

స్కాట్లండ్ కొండల్లో రోసల్ అనే పల్లె 19వ శతాబ్దం మొదట్లో గొర్రెల మేత కోసం ఖాళీ అయింది. అక్కడ రైతుల ఇళ్ల రాతి పునాదులు నేటికీ వరుసలుగా కనిపిస్తాయి. ఉదయగిరిలో అలా కాదు. రాయి దక్కింది దేవుడికి, దొరకు, గోడకు. మట్టి గోడకు, బోద కప్పుకు నాలుగు వానాకాలాలు చాలు. అందుకే శిథిలాలను చూసి సిపాయి ఎక్కడ వండుకున్నాడో, నీళ్లు మోసినవాళ్లు ఎక్కడ పడుకున్నారో చెప్పడం కష్టం.

కొండ కింద మాత్రం పని ఆగలేదు. ఉదయగిరి చెక్క చెంచాల పేరు జిల్లా దాటింది. నర్ది, పాలబర్రింకి వంటి చెక్కను కొండల నుంచే తెచ్చి, కోసి, ఉలితో గుంట తీసి, ముళ్లచెంచా పళ్లు ఒక్కొక్కటిగా వేరుచేసి, చివరికి నునుపుగా రుద్దుతారు.