దిద్దువాని చేవ్రాలు



నేను ముప్పదియైదేండ్లు బడిపంతులునై పిల్లల వ్రాతలు దిద్దితిని. పని విరమించిన పిదప పెద్దల వ్రాతలు దిద్దుచున్నాను. హనుమకొండలో మా యింటనే కూర్చుండి, హైదరాబాదునుండియు అమెరికానుండియు కంప్యూటరులో వచ్చు పుటలను సరిచేసి, పుటకింత అని పుచ్చుకొని, మరల పంపుచుందును. ఇది క్రొత్త వృత్తియని మా మనుమడు చెప్పును. పని మాత్రము మన సీమకు మిక్కిలి ప్రాతది.

తాళపత్రముల కాలమున గంటము పట్టిన వ్రాయసకాడు పొరబడుట సామాన్యము. పకారము వకారమగును, ఒకే మాటతో ముగియు రెండు పంక్తులలో నొకటి కన్ను దప్పి పోవును. పద్యమైనచో యతిప్రాసములు కావలి కాయును. యతి చెడినచోట దొంగ పడినాడని పండితుడు గ్రహించును. వచనమునకు అట్టి కావలి లేదు. ఈ మాట మనస్సున నుంచుకొనుడు. మరల దీనికి వచ్చెదను.

పాలకుర్తి చెంతనున్న బమ్మెర పోతనామాత్యుని ఊరు. ఆయన భాగవతమున కొన్ని భాగములు శిథిలము కాగా ఇతరులు పూరించిరని పరంపరగా వినుచున్నాము. పంచమస్కంధము బొప్పరాజు గంగనది, షష్ఠము ఏర్చూరి సింగనది, ఏకాదశ ద్వాదశములు వెలిగందల నారయవి. వారి రచన పోతన రచనతో తూగునా యన్నచో, నా మట్టుకు తూగదనియే తోచును. కాని ఆ స్కంధముల చివరి గద్యలను చూడుడు. ఎవరు రచించిరో వారి పేరే యున్నది. పోతన పేరు చాటున దాగుట వారికి కష్టము కాదు, దాగలేదు. కనుకనే ఏది ఎవరిదో నేడు మనకు తెలియుచున్నది.

పందొమ్మిదవ శతాబ్దిలో కడపయందు బ్రౌను దొర పండితులకు జీతములిచ్చి ఈ పని చేయించెను. ఒక్కొక్క గ్రంథమునకు పెక్కు ప్రతులు తెప్పించి, పాఠభేదములు వ్రాయించి, వారితో చర్చించి పాఠమును నిర్ణయించెను. 1829లో వేమన పద్యములను అచ్చొత్తించినవాడును ఆయనయే.

మన ప్రాంతమున అచ్చు కథ చెప్పవలెనన్న ఇనుగుర్తికి పోవలెను. 1922లో ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు అను సోదరులు ఆ పల్లెనుండి ‘తెనుగు’ అను వారపత్రికను వెలువరించిరి. నిజాము రాజ్యమున కచేరీలలోను బడులలోను ఉర్దూ నడచుచున్న దినములవి. తామే వ్రాసి, తామే సీసపుటక్షరములు కూర్చి, తామే అచ్చొత్తిరి. కూర్చిన అక్షరములు అద్దములోవలె ఎడమ కుడులు మారి కనబడును. వానిని చదివి తప్పు పట్టుట ఎట్టిదో, చిన్ననాట ఒక అచ్చుకూటమున ఒక దినమెల్ల కూర్చుండి చూచితిని. సాయంకాలమునకు కన్నులు నీళ్లు గారినవి.

ఇక నా తప్పు చెప్పవలెను. పరకాల ప్రాంతపు రైతు ఒకరు, నాకంటె పదేండ్లు పెద్ద, తమ బాల్యమును వ్రాసి పంపిరి. పుటపుటకు ‘యాది’ అని యుండెను. పారసీకమునుండి వచ్చిన మాట. మా యింటనుకూడ వాడుదుము. అయినను వ్యాకరణము చదివిన చెవికి అచ్చులో అది ముల్లైనది. అంతటను ‘జ్ఞాపకము’ అని మార్చి, గొప్ప పని చేసితినని మురిసి పంపితిని. రెండు దినములకు ఫోను వచ్చినది.

“పంతులుగారూ, మా అవ్వ పాణం పోయేటప్పుడు ‘నన్ను యాది మరువకు కొడుకా’ అన్నది. జ్ఞాపకం అనలే. మీరు మా అవ్వ నోట్ల మాట మార్చిన్రు.”

నాకు మాట రాలేదు. పద్యమైయున్నచో యతి నన్ను అడ్డగించియుండును. వచనమునకు వ్రాసినవాని నాలుకయే సాక్షి. ఆ సాక్షిని నేనడుగలేదు. గంగన తాను వ్రాసినదానికి తన పేరు పెట్టుకొనెను. నేనో, నా మాటను ఆ కొడుకు పేరుతోనే సాగనంపితిని.

ఆ రాత్రి కూర్చుండి ముప్పదియేడు చోట్ల ‘యాది’ని మరల నిలిపితిని. అప్పటినుండి అక్షరదోషమును మాత్రమే దిద్దుదును. మాట విషయమున సందేహము కలిగెనా, అంచున ప్రశ్న వ్రాసి కర్త కొరకు కాచుకొందును. కొట్టివేసిన మాటను చెరపక, దిద్దినవాని పేరుతో కూడ చూపు ఉపాయము కంప్యూటరులోనే యున్నదట, మనుమడు నేర్పినాడు. పని నెమ్మదించినది, రాబడి తగ్గినది.

ఆ రైతుగారి రెండవ సంపుటము మొన్న వచ్చినది. అంచులలో పదునొకండు ప్రశ్నలు పెట్టితిని. ఫోనులో తెమలదని, ఆదివారము బస్సులో తామే వచ్చెదమని కబురు చేసిరి.